వెనక షాకబ్జర్లు మీరే మార్చుకోండి, ముందు స్ప్రింగ్ మాత్రం ఇంట్లో విప్పకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2016 క్రెటా డీజిల్, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇల్లు మన విశాఖ సాగర్ నగర్‌లో, బండి ఉండేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు దబ్బుమంటోంది, వెనక సీట్లో కూర్చునే మీ అమ్మగారికి నడుము పట్టేస్తోంది. సర్వీసుకి ఇస్తే నాలుగు షాకబ్జర్లూ పోయాయని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. జాకీ, స్పానర్ల సెట్టు ఉన్నాయి, రెండు ఆదివారాలు ఖాళీ ఉంది, ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగారు.

మార్చుకోవచ్చు. వెనక రెండూ మొదటి నుంచి చివరి దాకా మీరే చేసుకోవచ్చు. ముందు రెండు స్ట్రట్లను (స్ప్రింగ్, షాకబ్జర్ కలిసి ఒకటిగా ఉండేవి) బండి నుంచి దింపడం, తిరిగి ఎక్కించడం కూడా మీ వల్ల అయ్యే పనే. దింపిన స్ట్రట్ మీంచి స్ప్రింగ్ తీసే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. స్నేహితుడి బండిలోనో ఆటోలోనో వేసుకుని మద్దిలపాలెం వైపు ఏదైనా సస్పెన్షన్ షెడ్డుకి పట్టుకెళ్ళండి. ప్రెస్ మీద పెట్టి మార్చి ఇస్తారు, కొద్ది వందల్లో అయిపోతుంది. నేను గాజువాక ఆటోనగర్‌లో 22 ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. ఈ మాట ఎందుకంటున్నానో కిందకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అసలు పోయింది షాకబ్జర్లేనా అన్నది ముందు చూసుకోండి. నా షెడ్డుకి షాకబ్జర్లు మార్చాలి అంటూ వచ్చే బళ్ళలో చాలా వాటికి పోయేది లింక్ రాడ్, అంటే మలుపులో బండి వాలకుండా పట్టే స్టెబిలైజర్ బార్‌ని స్ట్రట్‌కి కలిపే సన్నటి కడ్డీ. చిన్న చిన్న గతుకుల మీద, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు టకటకమంటూ గుప్పెట్లో గోళీలు కదిలినట్టు వినిపిస్తే ముందు దాన్నే అనుమానించండి. బండి ఆపి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినప్పుడు పైన బానెట్ దగ్గర కటక్‌మని వదిలినట్టు వస్తే అది స్ట్రట్ మౌంటింగ్, దాని కింది బేరింగ్. బ్రేక్ వేసినప్పుడు ఒక్కసారి దబ్ అని కొడితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి) రబ్బరు బుష్ చూడాలి. ఇవేవీ షాకబ్జర్ మారిస్తే పోయే చప్పుళ్ళు కావు. నాలుగూ కొత్తవి వేయించుకుని, చప్పుడు అలాగే ఉందని వచ్చి బాధపడినవాళ్ళని ఎంతోమందిని చూశాను.

షాకబ్జర్ పోయిన లక్షణం వేరే. బండి బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఒకసారి అణిగాక ఊగుతూ ఉండిపోకుండా ఆపేది షాకబ్జర్. లోపల పిస్టన్ నూనెలో కదులుతుంది, నూనె సన్నటి దారుల్లోంచి దూరి వెళ్ళడానికి కష్టపడుతుంది, ఆ ఊపు అంతా వేడిగా మారిపోతుంది. అది పని చేయనప్పుడు స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఒక్క ఊపుతో సర్దుకోదు, ఇంకో రెండు మూడు సార్లు ఊగుతుంది. బ్రేక్ వేస్తే ముక్కు కిందకి దిగిపోతుంది. టైరు మీద అరచేతితో నిమిరి చూడండి, అక్కడక్కడ గుంటలు పడ్డట్టు ఎత్తుపల్లాలు తగిలితే చక్రం రోడ్డుని వదిలి వదిలి పడుతోందని అర్థం. బానెట్ మీద చేత్తో నొక్కి వదిలి చూడమని చాలామంది చెబుతారు. ఈ కాలం బళ్ళకి ఆ పరీక్ష పూర్తిగా పోయినవాటిని మాత్రమే పట్టిస్తుంది, సగం పోయినవి అందులో బాగానే కనిపిస్తాయి.

ఆయిల్ లీకు సంగతి కూడా చెప్పాలి. షాకబ్జర్ బాడీ పైభాగంలో పల్చగా తడి, దాని మీద కొంచెం దుమ్ము ఉంటే కంగారు పడకండి. నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు తడిగా ఉండడం కోసం కొద్దిగా నూనె రాడ్డుతో పాటు బయటికి వస్తుంది. కారి, కింది దాకా జారి, మట్టితో కలిసి జిడ్డుగా గడ్డ కట్టి ఉంటే మాత్రం అది అయిపోయినట్టే. మీరు పెట్టిన ఫొటోలో వెనక ఎడమ వైపుది అలాగే ఉంది. ముందు కుడి వైపుది తడి మాత్రమే, కానీ రాడ్డుని దుమ్ము నుంచి కాపాడే రబ్బరు తొడుగు, డస్ట్ బూట్, చిరిగి రాడ్డు మీద ఇసుక కనిపిస్తోంది, ఆ ఇసుకే రేపు సీలుని కోసేస్తుంది. 96 వేలు తిరిగిన బండి కాబట్టి నాలుగూ మార్చమన్న సలహాలో తప్పేమీ లేదు. ఎప్పుడు మార్చినా ఒక యాక్సిల్‌కి, అంటే ముందు జతకి గానీ వెనక జతకి గానీ, రెండూ కలిపి మార్చాలి. ఒక వైపు గట్టిగా, ఇంకో వైపు వదులుగా ఉంటే మలుపులో బండి ఒక పక్కకి వేరేలా ప్రవర్తిస్తుంది. లింక్ రాడ్లు కూడా ఇప్పుడే చూసుకోండి.

మన ఊళ్ళో ఉన్న ఇంకో ఇబ్బంది ఉప్పు గాలి. మీది సాగర్ నగర్, సముద్రం పక్కనే. హైదరాబాద్ బండికి స్పానర్ పెడితే తిరిగే బోల్టు బీచ్ రోడ్డు పక్క బండికి తిరగదు. తుప్పు దారాల్లోకి దిగిపోయి, నట్టు బోల్టు ఒకటే లోహంలా పట్టుకుని ఉంటాయి. అందుకే పని ఆదివారం అయితే శుక్రవారం రాత్రే వైరు బ్రష్‌తో బోల్టుల చివర్లు తోమి, డబ్ల్యూడీ 40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. శనివారం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మళ్ళీ కొట్టండి. బ్రేక్ డిస్కు మీద, ప్యాడ్ల మీద మాత్రం పడకూడదు, గుడ్డ కప్పండి. వదలని బోల్టుకి గ్యాస్ మంట పెట్టే అలవాటు షెడ్డుల్లో ఉంది. ఇంట్లో ఆ పని చేయకండి, పక్కనే రబ్బరు బుష్, బ్రేక్ నూనె వెళ్ళే గొట్టం (బ్రేక్ హోస్), చక్రం వేగం చూసే ఏబీఎస్ వైరు ఉంటాయి.

సామాన్ల విషయం. ఒరిజినల్ కంపెనీ పార్ట్ గానీ, గాబ్రియెల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న కంపెనీది గానీ, మీ మోడల్, సంవత్సరం, డీజిలా పెట్రోలా అన్నది చెప్పి తీసుకోండి. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ, కాబట్టి పార్ట్ నంబరు సరిచూసుకోవాలి. డూప్లికేట్ సరుకు బాగానే తిరుగుతోంది, బిల్లు ఇవ్వని చోట కొనకండి. స్ట్రట్‌తో పాటు పై మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే దిమ్మ), డస్ట్ బూట్ కూడా కొత్తవే తీసుకోండి. వాటికయ్యే ఖర్చు స్ట్రట్‌తో పోలిస్తే తక్కువ. పాతవి అలాగే వేస్తే ఆరు నెలల్లో మళ్ళీ అంతా విప్పాలి. అలాగే లాక్ నట్లు ఒకసారి విప్పాక మళ్ళీ వాడకండి.

పనిముట్లలో డిక్కీలో వచ్చే కత్తెర జాకీ చాలదు. రెండు టన్నుల ట్రాలీ జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, పొడుగు హ్యాండిల్, సాకెట్లు, అలెన్ కీలు, ఎంత బిగువు పెట్టామో చూపించే టార్క్ రెంచ్ కావాలి. టార్క్ రెంచ్ ఎందుకంటే, అర మీటరు హ్యాండిల్ చివర ఇరవై కిలోల బలం పెడితే బిగింపు లెక్కలో దాదాపు 100 న్యూటన్ మీటర్లు అవుతుంది. స్ట్రట్‌ని చక్రం వైపు పట్టుకునే కింది బోల్టులకి చాలా బళ్ళలో అంతకంటే ఎక్కువే బిగింపు కావాలి. చేతి అంచనాతో ఒకరు తక్కువ బిగిస్తారు, ఇంకొకరు దారం తెంచేస్తారు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ప్రతి బోల్టుకీ అంకె రాసి ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

సెల్లార్ నేల ఒకసారి చూసుకోండి. మన ఊరు కొండల మీద కట్టిన ఊరు, చాలా అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌కి దిగే చోట వాలు ఉంటుంది, లోపల కూడా నీళ్ళు పోవడానికి కొంచెం వాటం ఇస్తారు. నీటి మట్టం చూసే లెవెల్ పెట్టి చదునుగా ఉన్న చోటే పని మొదలుపెట్టండి. నున్నటి టైల్స్ మీద స్టాండు జారుతుంది, మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండు బదులు పెట్టడం చూస్తుంటాను. ఇటుక చెప్పి పగలదు. ఒక్కసారిగా పొడి అయిపోతుంది. జాకీ మీద మాత్రమే నిలబడి ఉన్న బండి కిందకి తల గానీ చెయ్యి గానీ పెట్టకండి.

ఇంకో చిన్న పని, చాలామంది మరిచిపోయేది. బండి నేల మీద నిలబడి ఉండగానే, చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలవండి. నాలుగు చక్రాలకీ కొలిచి కాగితం మీద రాసుకోండి. ఈ కొలతతో తర్వాత చాలా పని ఉంది.

వెనకతో మొదలుపెట్టండి. మీ బండికి వెనక టార్షన్ బీమ్ ఉంటుంది, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం. అందులో స్ప్రింగ్ వేరే చోట, షాకబ్జర్ వేరే చోట కూర్చుంటాయి. అందుకే ఇది ఇంట్లో చేసుకోదగ్గ పని. వెనక వైపు ఎత్తుతున్నారు కాబట్టి హ్యాండ్ బ్రేకు మీద ఆధారపడలేరు, అది పట్టుకునేది గాలిలోకి లేచే వెనక చక్రాలనే. మొదటి గేరులో వేసి, ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు అర చుట్టు వదులు చేయండి. తర్వాత ఎత్తి, రెండు వైపులా జాకీ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టి, దించి, బండిని చేతులతో గట్టిగా ఊపి చూడండి. అప్పుడు ఊగేదేదో ఊగనివ్వండి, మీరు కిందకి వెళ్ళాక కాదు. తీసిన చక్రాన్ని సిల్లు (తలుపుల కింద పొడుగునా ఉండే అంచు) కిందకి తోసి పెట్టండి, స్టాండు జారినా బండి ఆ టైరు మీద ఆగుతుంది.

ఇప్పుడు ట్రాలీ జాకీని బీమ్ కింద, షాకబ్జర్‌కి దగ్గరగా ఆనించి కొద్దిగా బరువు తీసుకోండి. బీమ్ కిందకి పడిపోకుండా ఆపుతున్నది షాకబ్జరే. జాకీ పెట్టకుండా కింది బోల్టు లాగేస్తే బీమ్ ఒక్కసారిగా దిగుతుంది, స్ప్రింగ్ జారి బయటికి వస్తుంది, బ్రేక్ హోస్ తాడులా లాగబడుతుంది. జాకీ ఉంటే బోల్టు వేళ్ళతోనే వస్తుంది. రాకపోతే జాకీని ఒక అంగుళం పైకో కిందకో చేసి చూడండి, సుత్తితో కొట్టక్కర్లేదు. తర్వాత పై బోల్టులు విప్పి పాతదాన్ని దింపండి. ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపుకి వెళ్ళండి.

కొత్త షాకబ్జర్ డబ్బాలోంచి తీసి నేరుగా ఎక్కించకండి. దుకాణంలో అది పడుకోబెట్టి ఉంటుంది, లోపల నూనెలోకి గాలి చేరి ఉంటుంది. రాడ్డు పైకి ఉండేలా నిలబెట్టి, బద్దీ విప్పి, పూర్తిగా కిందకి నొక్కి, నెమ్మదిగా పైకి రానివ్వండి. ఇలా అయిదారుసార్లు చేయండి. మొదట్లో మధ్యలో ఒక చోట చేతికి ఖాళీగా, తుస్సుమన్నట్టు తగులుతుంది. గాలి పోయాక మొదటి నుంచి చివరి వరకు ఒకే బిగువుతో, తేనెలో గరిటె తిప్పినట్టు కదులుతుంది. అప్పుడు ఎక్కించండి, ఎక్కించేదాకా నిలబెట్టే ఉంచండి. పై నట్టు బిగించేటప్పుడు రాడ్డు తిరుగుతోందని దాన్ని కట్టింగ్ ప్లయరుతో పట్టుకోకండి. మెరిసే ఆ రాడ్డు మీద గోటి గీత అంత గాటు పడినా అది సీలులోంచి పైకీ కిందకీ వేలసార్లు తిరిగి చింపేస్తుంది. రాడ్డు చివర స్పానర్‌కి గానీ అలెన్ కీకి గానీ వీలుగా చెక్కి ఉంటుంది, అక్కడే పట్టుకోవాలి.

కింది బోల్టు ఎప్పుడు బిగించాలన్నదే ఈ పనిలో నేను నా కుర్రాళ్ళకి పదేపదే చెప్పే విషయం. షాకబ్జర్ కింద బోల్టు దూరే కన్నంలో రబ్బరు బుష్ ఉంటుంది. బోల్టు బిగిస్తే దాని లోపలి ఇనుప గొట్టం కదలకుండా బిగుసుకుంటుంది, ఆ తర్వాత కదలికంతా రబ్బరు మెలిక తిరగడం వల్లే జరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బిగించేశారనుకోండి, బండి నేలకి దిగగానే రబ్బరు మెలిపడిన స్థితిలో ఉండిపోతుంది. నిలబడి ఉన్నా మెలికే, నడుస్తున్నా మెలికే. కొత్తగా వేసిన బుష్ కొద్ది నెలల్లో చిరిగిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి బోల్టుని ముందు వేళ్ళ బిగువు మీదే వదిలేయండి. జాకీతో బీమ్‌ని పైకెత్తుతూ మీరు కాగితం మీద రాసుకున్న కొలత వచ్చేదాకా తీసుకురండి. అక్కడ టార్క్ రెంచ్ పెట్టి బిగించండి. ఆ కొలత రాకముందే బండి స్టాండు మీంచి లేస్తున్నట్టు అనిపిస్తే ఆగిపోండి. చక్రం వేసి బండిని నేల మీదకి దింపి, పక్క నుంచి చెయ్యి పెట్టి బిగించుకోండి. వెనక షాకబ్జర్లు మార్చినంత మాత్రాన వీల్ అలైన్‌మెంట్ మారదు, దాని కోసం పరిగెత్తక్కర్లేదు. మొదటిసారి చేసేవాళ్ళకి రెండు వైపులా కలిపి ఒక పూట పడుతుంది.

మొదటి ఆదివారం ఇంతటితో ఆపండి. వారం రోజులు బండి నడిపి చూశాకే ముందుకి వెళ్ళండి.

ముందుది వేరే రకం. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940లలో రూపొందించిన పద్ధతి అది. 1983లో వచ్చిన మారుతి 800కి కూడా ముందు ఇదే. ఇందులో స్ట్రట్ ఊపు ఆపడమే కాకుండా స్ప్రింగ్‌ని తన మీద మోస్తుంది, చక్రాన్ని నిలువుగా పట్టుకునేదీ అదే. అందుకే ముందు మారిస్తే అలైన్‌మెంట్ తప్పనిసరి. మీ తర్వాత ఎవరైనా స్కార్పియో ఎన్, ఫార్చ్యూనర్ లాంటి బళ్ళవాళ్ళు ఇది చదివితే, వాటికి ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే పద్ధతి) ఉంటుంది, విప్పే వరస వేరు. కానీ స్ప్రింగ్ గురించి చెప్పబోయేది వాటికీ వర్తిస్తుంది.

ఇక్కడ హ్యాండ్ బ్రేకు పని చేస్తుంది, వెనక చక్రాలకి దిమ్మలు కూడా పెట్టండి. ముందు రెండు వైపులా ఎత్తండి. ఒక్క వైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్ నట్టు విప్పడం కష్టమవుతుంది. స్ట్రట్‌కి అతుక్కుని ఉన్న బ్రేక్ హోస్ బ్రాకెట్, ఏబీఎస్ వైరు క్లిప్పు ముందు విడిపించండి. లింక్ రాడ్ నట్టు విప్పేటప్పుడు మధ్యలో బాల్ కూడా తిరుగుతుంది, దాన్ని అలెన్ కీతోనో సన్నటి స్పానర్‌తోనో ఆపాలి.

కింద స్ట్రట్‌నీ, చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ అయిన నకిల్‌నీ కలిపే రెండు పెద్ద బోల్టులు ఉంటాయి. విప్పే ముందు స్ట్రట్ అంచు నకిల్ మీద ఎక్కడ ఉందో తెల్ల పెయింటుతో గీత గీయండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీతకి కలిపితే క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, దాదాపు పాత చోటికే వస్తుంది, అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్తుంది. బోల్టు తల కింద పళ్ళు ఉంటే బోల్టుని తిప్పకండి, నట్టునే తిప్పి, తర్వాత బోల్టుని సుత్తితో తట్టి తీయండి. అది కూడా చివర నట్టు ఒక చుట్టు ఎక్కించి, దాని మీద తట్టాలి, లేకపోతే దారం చితికిపోతుంది.

బోల్టులు వచ్చేశాక నకిల్ బయటికి వాలిపోతుంది. దాన్ని అలా వదిలేస్తే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి రావచ్చు, బరువంతా బ్రేక్ హోస్ మీద పడవచ్చు. గట్టి తీగతో గానీ తాడుతో గానీ పైకి కట్టేయండి. తర్వాత బానెట్ కింద స్ట్రట్ టవర్ (స్ట్రట్ పైకొస కూర్చునే చోటు) మీద చుట్టూ ఉన్న మూడు నట్లు విప్పండి. మూడోది విప్పేటప్పుడు కింద ఒకరు స్ట్రట్‌ని రెండు చేతులతో పట్టుకుని ఉండాలి.

ఆ మూడు నట్ల మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి. బండి మీద ఉన్నా, దింపి నేల మీద పెట్టినా ముట్టుకోకండి. స్ప్రింగ్‌ని అణచి పట్టుకుని ఉన్నది ఆ ఒక్క నట్టే.

నేను పనిలో చేరిన మూడో ఏడు, అప్పుడు పని చేస్తున్న షెడ్డులో జరిగింది చెబుతాను. స్ప్రింగ్‌ని అణచడానికి రెండు కొక్కేల కంప్రెసర్ ఉండేది, దారాలు అరిగిపోయినది. నా కంటే చిన్నవాడు ఒకడు స్ట్రట్‌ని వైస్‌లో బిగించి, కొక్కేలు రెండూ ఎదురెదురుగా కాకుండా కొంచెం ఒకే పక్కకి వచ్చేలా పెట్టాడు. బిగిస్తూ ఉంటే స్ప్రింగ్ విల్లులా వంగుతోంది. చూస్తూనే ఉన్నాను, ఆగమందామని నోరు తెరిచేలోపు ఒక కొక్కెం చుట్టు మీంచి జారింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. స్ప్రింగ్ వాడి చెవి పక్క నుంచి వెళ్ళి ఇనుప షట్టర్‌కి తగిలింది. షట్టర్ మీద అరచెయ్యి పట్టేంత సొట్ట పడింది. వాడు అప్పుడే రాలిన స్పానర్ కోసం పక్కకి వంగాడు కాబట్టి బతికాడు. ఆ రోజు ఇంక ఎవరమూ పని చేయలేదు. మీ బండికి ఒక్కో ముందు చక్రం మీద మూడున్నర నుంచి నాలుగు క్వింటాళ్ళ బరువు పడుతుంది. దాన్ని మోసే స్ప్రింగ్ అది. ఆన్‌లైన్‌లో దొరికే చవక కొక్కేలతో సెల్లార్‌లో దాన్ని అణచడానికి నేను ఒప్పుకోను. షెడ్డుల్లో గోడకి బిగించిన ప్రెస్ ఉంటుంది, అది స్ప్రింగ్‌ని పైనా కిందా పళ్ళెంలా పట్టుకుంటుంది.

షెడ్డుకి తీసుకెళ్ళినా మీరు దగ్గరుండి మూడు విషయాలు చూసుకోండి. స్ప్రింగ్ కింది చుట్టు చివర స్ట్రట్ పళ్ళెంలో ఉన్న మెట్టుకి ఆని కూర్చోవాలి, వేలెడు ఖాళీ ఉన్నా నడిచేటప్పుడు టంగుమంటుంది. పై మౌంటింగ్ పాతది ఏ దిక్కుకి ఉందో, కొత్తదీ అదే దిక్కుకి ఉండాలి. విప్పే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మధ్య నట్టుని ఇంపాక్ట్ గన్‌తో (నట్లు తిప్పే మెషీన్‌తో) గిర్రున తిప్పనివ్వకండి, రాడ్డు కూడా తిరిగి కొత్త సీలు మొదటి రోజే దెబ్బ తింటుంది. చేత్తో బిగించమని అడగండి, మంచి మెకానిక్ ఏమీ అనుకోడు. స్ప్రింగ్ కింది చుట్టు మీద పెయింటు లేచి తుప్పు గుంటలు పడి ఉంటే స్ప్రింగ్ కూడా మార్చేయడం మంచిది. మన తీరంలో స్ప్రింగులు విరిగేది ఎక్కువగా అక్కడే, పళ్ళెంలో ఇసుక, ఉప్పు నీరు నిలిచే చోట.

తిరిగి ఎక్కించడం విప్పినదానికి సరిగ్గా రివర్స్ వరసే. పై మూడు నట్లు వేళ్ళతో పట్టించి, కింద రెండు బోల్టులు దూర్చి, గీతకి కలిపి, టార్క్ పెట్టి బిగించండి. ముందు స్ట్రట్ కింది బోల్టులు గాలిలో ఉండగా బిగించినా ఫర్వాలేదు, అక్కడ మెలిపడే రబ్బరు లేదు. మీరు లోయర్ ఆర్మ్ బోల్టు కూడా వదులు చేసి ఉంటే దానికి మాత్రం వెనక షాకబ్జర్ కింది బోల్టుకి చెప్పిన నియమమే. బోల్టు దారాలకి గ్రీజు దట్టంగా పూయకండి. జారుడు ఎక్కువైతే టార్క్ రెంచ్ అదే అంకె చూపించినా బోల్టు లోపల ఎక్కువ సాగిపోతుంది. తుప్పు భయం ఉంటే బిగించాక బయటికి కనిపించే దారాల మీద, నట్టు మీద గ్రీజు రాయండి.

చక్రం వేసి కదిలే ముందు స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పించి, బ్రేక్ హోస్ ఎక్కడా లాగుడు పడట్లేదనీ, ఏబీఎస్ వైరు స్ప్రింగ్‌కి తగలట్లేదనీ కళ్ళతో చూడండి. డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగితే ఆ వైరే కారణం అయి ఉంటుంది.

మొదట మీ కాలనీలోనే నెమ్మదిగా రెండు రౌండ్లు తిరగండి. తర్వాత బీచ్ రోడ్డు మీద ఋషికొండ దాకా వెళ్ళి రండి, ఆ మలుపుల్లో బండి ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. అటు నుంచి అటే అలైన్‌మెంట్‌కి వెళ్ళండి. 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు, టవర్ మీది నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో ఒకసారి చూడండి. అరకు ప్రయాణం ఉంటే ఈ రెండో బిగింపు అయ్యాకే పెట్టుకోండి. అనంతగిరి ఘాట్‌లో నిండా మనుషులతో దిగుతూ వరసగా బ్రేకులు వేయాల్సి వచ్చినప్పుడే సస్పెన్షన్ మీద అసలు బరువు పడుతుంది.

పాత షాకబ్జర్లను పాత ఇనప సామాను వాళ్ళకి ఇచ్చేటప్పుడు లోపల గ్యాసు, నూనె ఉన్నాయని చెప్పండి. గ్యాస్ కట్టర్ పెడితే పేలుతుంది. ఈ మాట చెప్పకుండా ఎవరికీ ఇవ్వకండి, కోసేది చాలాసార్లు చిన్న కుర్రాళ్ళే.

ఇక ఆ కొలతల కాగితం పారేయకండి. కొత్తవి వేసిన రెండు వారాలకి బండిని అదే చోట నిలబెట్టి మళ్ళీ కొలవండి. ఎడమకీ కుడికీ తేడా సెంటీమీటరు దాటితే స్ప్రింగ్ మెట్టులో కూర్చోలేదేమో చూడాలి. ఆ అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.